సిస్టర్ రోసెట్టా: వేళ్లలో పండిన నాదం

కొరింథీ సంఘానికి రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయంలో అపొస్తలుడైన పౌలు సంగీత వాయిద్యాల ప్రస్తావన తెస్తాడు. ప్రాణం లేని పిల్లనగ్రోవి, వీణ సైతం ఏ స్వరానికి ఆ స్వరం తేటగా పలికితేనే విన్నవారికి అది ఫలానా రాగమని తెలుస్తుందన్నది అక్కడ ఆయన భావం. పౌలు చెబుతున్నది భాషల వరం గురించి, సంఘ క్షేమాభివృద్ధి గురించి. అయినా వాయిద్యం చేతబట్టిన ప్రతి విశ్వాసికీ ఆ పోలిక సూటిగా తగులుతుంది. శబ్దం చేయడం వేరు, పలికించడం వేరు. పెద్దగా వినిపించడం వేరు, ఎవరు వాయిస్తున్నారో తెలిసేలా వినిపించడం వేరు.

మా సంఘంలో ఇరవై ఏళ్ల యువకుడొకడు ఈ మధ్యే ఎలక్ట్రిక్ గిటార్ కొనుక్కున్నాడు. దాంతోపాటు గిటార్ నాదాన్ని పదుల రకాలుగా మార్చి వినిపించే పెడల్ పెట్టె కూడా కొన్నాడు. ఇంటర్నెట్‌లో పాఠాలు చూస్తూ రాత్రీ పగలూ సాధన చేశాడు. వేళ్లు చకచకా పరుగెత్తుతున్నాయి. కానీ ఒక సాయంత్రం ప్రార్థన ముగిశాక మా దగ్గరికొచ్చి, ఎంత వాయించినా ఎవరో ఒక పెద్ద కళాకారుడి మాదిరిగా వినిపిస్తోందే తప్ప తనలా వినిపించడం లేదని బాధపడ్డాడు. మాకు గిటార్ రాదు. సెమినరీలో హెబ్రీ, గ్రీకు నేర్పారు గానీ తీగలు మీటడం నేర్పలేదు. అందుకే పాఠం చెప్పలేక ఒక జీవితం చెప్పాం. 1973లో కన్నుమూసిన సిస్టర్ రోసెట్టా థార్ప్ జీవితమది. ఆ రోజు ఆ అబ్బాయికి చెప్పిందే ఇవాళ ఇక్కడ రాస్తున్నాం.

రోసెట్టా 1915 మార్చి 20న అమెరికా దక్షిణాదిలోని ఆర్కాన్సా రాష్ట్రంలో, కాటన్ ప్లాంట్ అనే చిన్న ఊళ్లో పుట్టింది. పేరుకు తగ్గట్టే అది పత్తి పండే ప్రాంతం. తల్లి కేటీ బెల్ నూబిన్ చక్కగా పాడేది, మాండొలిన్ వాయించేది, అన్నిటికీ మించి సువార్తికురాలు. బానిసత్వం చట్టరీత్యా రద్దయి యాభై ఏళ్లు నిండినా, నల్లజాతి కుటుంబాలకు చేతినిండా చాకిరీ తప్ప మనుషులుగా మర్యాద దక్కని రోజులవి. ఆ తల్లి చార్లెస్ హారిసన్ మేసన్ స్థాపించిన చర్చ్ ఆఫ్ గాడ్ ఇన్ క్రైస్ట్ సంఘంలో సభ్యురాలు. గిటార్లు, డ్రమ్ములు లోకసంబంధమైనవని చాలా సంఘాలు వాటిని గుమ్మం బయటే ఆపేస్తున్న కాలంలో ఈ సంఘం వాటిని లోపలికి రానిచ్చింది. 150వ కీర్తనలో తంతివాద్యాలు, తంబుర, తాళాలు అన్నీ ఉన్నాయి కదా! స్త్రీలు నిలబడి సాక్ష్యం చెప్పడానికి, పాడడానికి, వాక్యం బోధించడానికి కూడా అక్కడ చోటుంది.

ఆ వాతావరణంలో పెరిగిన బిడ్డ చేతికి చాలా చిన్నతనంలోనే గిటార్ వచ్చింది. నాలుగేళ్ల వయసు నుంచే పాడుతూ వాయించేదంటారు. 1920ల్లో తల్లి ఆమెను వెంటబెట్టుకుని ఉత్తరాదిలోని షికాగో నగరానికి చేరింది. దక్షిణాదిలో బతకలేక లక్షలాది నల్లజాతి ప్రజలు ఉత్తరాది నగరాలకు వలసపోతున్న కాలమది. షికాగోలోని 40వ వీధి చర్చిలో ఆరాధన, అక్కడి నుంచి ఊరూరా ఉజ్జీవ సభలు! తల్లి ప్రసంగిస్తే కూతురు పాడేది. పాడుతూ గిటార్ వాయించే అద్భుత బాలిక అని ఆ చిన్నారి గురించి ప్రకటించేవారు. ఆడపిల్ల గిటార్ పట్టడమే అప్పట్లో అరుదు.

ఆ సభల్నే మనం రోసెట్టా మొదటి సంగీత పాఠశాల అనాలి. ఒక్కసారి ఊహించండి. వందల గొంతులు ఒక్కసారిగా లేస్తాయి. చప్పట్లు, నేలమీద కాళ్ల తాళం, డ్రమ్ము, టాంబొరిన్ మోగుతుంటాయి. ఆ హోరులో ఒక చెక్క గిటార్ మోత మూడో వరుస దాటి పోదు. అలాంటి చోట ఆరు తీగల్నీ కలిపి బరబరా గీకినా ప్రయోజనం లేదు, అది కూడా హోరులో కలిసిపోతుంది. ఒక్కో తీగనూ విడివిడిగా, గట్టిగా, సరిగ్గా తాళం మీద పడేలా మీటితేనే ఆ స్వరం జనంలోంచి దూసుకెళ్తుంది. రోసెట్టా వేళ్లు పట్టుబడింది ఈ పద్ధతిలోనే. పాటల మధ్య ఒంటి తీగమీద రాగం పలికించడం తర్వాతి కాలంలో ఆమె ముద్రగా నిలిచిపోయింది. ఆ ముద్ర ఏదో ప్రత్యేకంగా కనబడాలన్న కోరికలోంచి పుట్టలేదు. వెనక వరుసలో కూర్చున్న ముసలమ్మకు కూడా పాట వినబడాలన్న అవసరంలోంచి పుట్టింది.

రెండో విషయం ఆమె గిటార్‌ను శ్రుతి చేసుకున్న తీరు. మామూలుగా గిటార్‌ను ఒక పద్ధతిలో శ్రుతి చేస్తారు. అందులో మెట్లు నొక్కకుండా ఆరు తీగల్నీ ఒక్కసారి మీటితే వినసొంపైన కార్డ్ రాదు. అమెరికా దక్షిణాది పల్లెల్లో వాడుకలో ఉన్న మరో పద్ధతి ఉంది. దాన్ని వెస్టపోల్ ట్యూనింగ్ అంటారు. ఆ పద్ధతిలో ఎడమచేయి తీగల్ని తాకకపోయినా, ఒక్క మీటుకే నిండైన మేజర్ కార్డ్ పలుకుతుంది. మన తంబూరాలాగా ఆధార శ్రుతి ఎప్పుడూ వెనక మోగుతూనే ఉంటుంది. బొటనవేలు కింది స్థాయి తీగల్ని చూసుకుంటే, మిగతా వేళ్లు పైతీగలమీద పాటను అల్లుతాయి. ఒక్క మనిషి వాయిస్తున్నా ఇద్దరు వాయించినట్టుంటుంది. పల్లెటూళ్ల పద్ధతి కదా అని రోసెట్టా దాన్ని వదిలేయలేదు. ఎంత పెద్ద నగరాలకు, ఎంత పెద్ద వేదికలకు వెళ్లినా తన గిటార్‌కు పుట్టినూరి శ్రుతినే ఉంచుకుంది.

1934లో, 19 ఏళ్ల వయసులో, థామస్ థోర్ప్ అనే ప్రసంగికునితో ఆమెకు పెళ్లయింది. ఆ కాపురం నిలవలేదు. 1938లో భర్తను విడిచి తల్లితో కలిసి న్యూయార్క్ చేరింది. అయితే ఆ ఇంటిపేరు అక్షరం మారి థార్ప్‌గా చివరిదాకా ఆమె వెంట ఉండిపోయింది. ఆ ఏడాది అక్టోబర్ 31న డెక్కా కంపెనీ ఆమె చేత 4 పాటలు రికార్డు చేయించింది. అదే కాలంలో ప్రఖ్యాతి చెందిన కాటన్ క్లబ్ అనే నైట్‌క్లబ్‌లో పాడడానికి ఆమె ఒప్పుకుంది. డిసెంబర్ 23న న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్‌లో నల్లజాతి సంగీత చరిత్రను పరిచయం చేస్తూ జాన్ హామండ్ ఏర్పాటు చేసిన పెద్ద కచేరీలోనూ పాడింది. ఏడాది తిరక్కుండానే చర్చి అమ్మాయి దేశానికంతటికీ తెలిసిపోయింది.

సంఘానికి గుండె గాయపడింది కూడా అప్పుడే! దేవుని స్తుతించే పాటను సారాయి గ్లాసుల మధ్య, నాట్యకత్తెల మధ్య పాడడమేమిటని విశ్వాసులు నొచ్చుకున్నారు. రాక్ మీ అనే పాట సువార్త గీతాల రచయిత థామస్ డార్సీ రాసిన ఒక భక్తిగీతం నుంచి వచ్చింది. క్లబ్బులో వినేవారికి అందులో భక్తికన్నా ఊపే ఎక్కువగా వినిపించింది. విశ్వాసుల బాధలో న్యాయం లేదని మేమనం. ప్రార్థనా మందిరంలో మొదలైన పాట మత్తులో ఉన్నవారికి కాలక్షేపమైతే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. అయితే ఆ వేదికమీద కూడా ఆమె వేళ్లు పలికించింది 40వ వీధి చర్చిలో నేర్చుకున్నదే. మనిషి వెళ్లిన చోటల్లా నాదం కూడా వెంట వెళ్లింది.

ఇక ఎలక్ట్రిక్ గిటార్ సంగతికొద్దాం. 1920ల చివర్లో గిటార్ శబ్దం పెంచడానికి లోహపు శరీరం, లోపల అల్యూమినియం గిన్నెలాంటి శంకువులు ఉన్న నేషనల్ గిటార్లు వచ్చాయి. 1938 నాటి ఫొటోల్లో రోసెట్టా చేతిలో కనబడేది అలాంటి లోహపు గిటారే. 1930ల్లో విద్యుత్ గిటార్లు అంగళ్లకొచ్చాయి. వాటి సూత్రం సులువే. అయస్కాంతం చుట్టూ సన్నని రాగి తీగ చుట్టి దాన్ని గిటార్ తీగల కింద అమర్చుతారు. దీన్ని పికప్ అంటారు. పైన ఉక్కు తీగ కంపిస్తే కింద రాగి చుట్టలో అతి చిన్న విద్యుత్ ప్రవాహం పుడుతుంది. యాంప్లిఫయర్ ఆ ప్రవాహాన్ని పెంచి స్పీకర్‌కు పంపుతుంది. అంతే! గిటార్‌కు గొంతు వచ్చేసింది.

కానీ ఈ గొంతుతో ఒక చిక్కుంది. అది మంచినీ పెంచుతుంది, చెడునూ పెంచుతుంది. చెక్క గిటార్‌లో ఎవరికీ వినబడని తప్పు, అంటే వేలు పక్క తీగకు తగలడం, నొక్కాల్సిన మెట్టు సగమే నొక్కడం, ఆపాల్సిన తీగను ఆపకపోవడం, ఇవన్నీ స్పీకర్‌లోంచి ఊరంతటికీ వినిపిస్తాయి. కాబట్టి విద్యుత్ గిటార్ సాధనలో సగం వాయించడమైతే, మిగతా సగం మోగకూడని తీగల్ని అరచేతి అంచుతో, వేళ్లతో అణచిపెట్టడం. ఇంకో తేడా ఏమిటంటే విద్యుత్ గిటార్‌లో ఒక్క స్వరం చాలాసేపు నిలుస్తుంది. నిలిచే స్వరాన్ని వేలితో పక్కకు లాగి వంచవచ్చు, వణికించవచ్చు, ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు జార్చవచ్చు. మన వీణ విద్వాంసులు గమకమనేది దీన్నే. చర్చి హోరులో తీగను గట్టిగా, విడిగా మీటడం నేర్చిన రోసెట్టాకు ఈ వాయిద్యం చేతికి తొడుగులా సరిపోయింది. 1941లో లక్కీ మిలిండర్ పెద్ద బ్యాండ్‌లో చేరి, బాకాల బృందం ముందు నిలబడి ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తూ ఆమె పాటలు రికార్డు చేసింది. గిటార్ అంటే వెనక కూర్చుని తాళం వేసేదిగానే చాలామంది చూస్తున్న రోజుల్లో ఆమె దాన్ని ముందుకు తెచ్చింది.

ఆమె పద్ధతి వింటే ఒక సంగతి బోధపడుతుంది. పాటలో ఒక చరణం పాడుతుంది, ఆపుతుంది. ఆ ఖాళీలో గిటార్ జవాబు చెబుతుంది. మన చర్చిల్లో ప్రసంగికుడు ఒక మాట అనగానే సంఘం ఆమేన్ అంటుంది చూడండి, అచ్చం అలాగే. గొంతు సాక్ష్యం చెబితే తీగలు ఆమేన్ చెబుతాయి. గొంతు ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో గిటార్ కూడా అక్కడే ఊపిరి తీసుకుంటుంది. ఆమె వాయించేవి లెక్కకు తక్కువ స్వరాలే. కానీ ప్రతి స్వరానికీ చెప్పాల్సిన మాట ఒకటుంది.

1944లో పియానో వాద్యకారుడు శామీ ప్రైస్‌తో కలిసి రికార్డింగ్ చేయాల్సి వచ్చింది. ఆమె గిటార్ శ్రుతి చేసే తీరు తన పియానోతో కుదరదని ఆయన పేచీ పెట్టాడు. మెడమీద బిగించే కేపో అనే చిన్న బిగింపుతో స్థాయి మార్చుకోవడానికి రోసెట్టా ఒప్పుకున్నాక పని ముందుకు సాగింది. ఆమె తన పద్ధతిని పారేయలేదు, పక్కవాడిని కూడా పారేయలేదు. ఒక్క చిన్న బిగింపుతో ఇద్దరూ కలిశారు. సంఘాల్లో, సంసారాల్లో మనకు దొరకనిది ఆ చిన్న బిగింపే కదా! ఆ కలయికలో పుట్టిన స్ట్రేంజ్ థింగ్స్ హ్యాపెనింగ్ ఎవ్రీ డే అనే సువార్త గీతం 1945లో బిల్‌బోర్డ్ పత్రిక నల్లజాతి సంగీతానికి కేటాయించిన పట్టికలో 2వ స్థానానికి ఎక్కింది. చర్చి పాట అంతవరకూ అలాంటి చోటుకు చేరలేదు. రాక్ అండ్ రోల్ సంగీతానికి అది తొలి అడుగుల్లో ఒకటని ఇప్పుడు చాలామంది చరిత్రకారులు లెక్కగడుతున్నారు.

ఈ వైభవం వెనక ఉన్న అవమానాలు కూడా చెప్పాలి. దక్షిణాది రాష్ట్రాల్లో ఆమె పాట వినడానికి వేలమంది వచ్చేవారు. పాట అయ్యాక అదే ఊళ్లో తెల్లవారి హోటల్లో ఆమెకు గది దొరకదు. వెనక తలుపు దగ్గర నిలబడి అన్నం కొనుక్కోవాలి. అందుకే ప్రయాణించే బస్సులోనే పడకలు ఏర్పాటు చేసుకుని అందులోనే నిద్రపోయేవారు. మరోవైపు బ్యాండ్‌లో ఉన్నప్పుడు 1942లో ఆమె చేత పాడించిన ఒక పాట పూర్తిగా లోకసంబంధమైన చిలిపి పాట. సువార్తకు, ఆ పాటకు ఏ సంబంధమూ లేదు. తర్వాత బ్యాండ్ వదిలి ఆమె సువార్త గీతాలవైపు తిరిగింది. 1946లో మేరీ నైట్ అనే గాయని పాట విని ఆమెను జతగా తీసుకుంది. పురుషుల బృందం అండ లేకుండా ఇద్దరు స్త్రీలు దేశమంతా తిరిగి సువార్త గీతాలు వినిపించడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

1947లో జార్జియా రాష్ట్రంలోని మేకన్ పట్నంలో జరిగిన సంగతి ఒకటి మేం ఎప్పుడూ మర్చిపోం. కచేరీకి ముందు ఒక 14 ఏళ్ల కుర్రాడు ఆమె పాటలే పాడుతుంటే విని, అతణ్ని వేదికమీదికి పిలిచి పాడించింది. పాట అయ్యాక డబ్బులు కూడా ఇచ్చింది. ఆ కుర్రాడే తర్వాత లిటిల్ రిచర్డ్ పేరుతో ప్రపంచ ప్రసిద్ధుడయ్యాడు. తన నాదం తనకు దొరికినవారికి పక్కవాడి గొంతంటే భయముండదు, అసూయ ఉండదు. ఎల్విస్ ప్రెస్లీ, చక్ బెర్రీ, జానీ క్యాష్ వంటివారు ఆమె పాటను విని నేర్చుకున్నవారే.

1951 జులై 3న వాషింగ్టన్‌లోని గ్రిఫిత్ స్టేడియంలో రసెల్ మోరిసన్‌తో ఆమె మూడో పెళ్లి జరిగింది. టికెట్లు కొనుక్కుని 20,000కు పైగా జనం వచ్చారు. పెళ్లి గౌనుతోనే గిటార్ తగిలించుకుని కచేరీ చేసింది. పెళ్లిని ప్రదర్శనగా మార్చడం మనకు మింగుడుపడదు. మింగుడుపడాలని కూడా మేం చెప్పం. రోసెట్టాను పరిశుద్ధురాలిగా పీఠమెక్కించడానికి ఈ కథ రాయడం లేదు. వరం వేరు, వరం మోస్తున్న మట్టిపాత్ర వేరు. పాత్రలో పగుళ్లున్నాయని వరాన్ని కాదనలేం, వరం గొప్పదని పగుళ్లను దాచలేం.

1953లో మేరీ నైట్‌తో కలిసి లోకసంబంధమైన బ్లూస్ పాటలు రికార్డు చేయడంతో చర్చి శ్రోతలు మరింత దూరమయ్యారు. అటు రాక్ అండ్ రోల్ ప్రపంచం ఆమె దగ్గర నేర్చుకున్న యువకుల్ని నెత్తిన పెట్టుకుంది, ఆమెను మరచిపోయింది. చర్చికి ఆమె లోకస్థురాలు, లోకానికి ఆమె పాతకాలపు చర్చి మనిషి. రెండిళ్ల మధ్య నిలబడిపోయిన ఆడబిడ్డ బతుకయింది ఆమెది.

ఇక్కడ మా తప్పొకటి ఒప్పుకోవాలి. పరిచర్యలోకి వచ్చిన కొత్తలో మేం సేవ చేసిన ఒక సంఘంలో, క్రిస్మస్ ఆరాధనకు ఒక అబ్బాయి ఎలక్ట్రిక్ గిటార్ తెచ్చాడు. ఎక్కడో అరువు తెచ్చుకున్న గిటార్. రెండు చరణాలు కూడా పూర్తవకముందే పెద్దల ముఖాలు మారాయి. ఆ మోత దేవుని మందిరానికి తగదని కబురొచ్చింది. మేమే వెళ్లి, వచ్చే ఆదివారం నుంచి తేవద్దని అతనికి చెప్పాం. అతను ఎదురు చెప్పలేదు. గిటార్ సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు. తర్వాత పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో వాయిస్తున్నాడని తెలిసింది. మళ్లీ ఏ ఆదివారమూ అతని ముఖం మేం చూడలేదు. మోత ఎక్కువైతే తగ్గించమని చెప్పవచ్చు, ఆ మీట గిటార్ మీదే ఉంటుంది. మేం తగ్గించమని చెప్పలేదు, పొమ్మన్నాం. ఆ రెంటికీ ఉన్న తేడా మాకు తెలిసేసరికి ఏళ్లు గడిచాయి. రోసెట్టా కథలో సంఘాన్ని తప్పుపట్టే ప్రతిసారీ ఆ సంచి జిప్పు వేసుకున్న శబ్దం మా చెవుల్లో వినిపిస్తుంది.

స్వదేశంలో ఆదరణ తగ్గిన రోసెట్టాను ఐరోపా పిలిచింది. 1957లో క్రిస్ బార్బర్ బ్యాండ్‌తో కలిసి ఆమె బ్రిటన్‌లో పర్యటించింది. 1964లో మడ్డీ వాటర్స్ వంటి బ్లూస్ కళాకారులతో కలిసి మళ్లీ వెళ్లింది. ఆ ఏడాది మే 7న ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో, రైళ్లు ఆగడం మానేసిన ఒక పాత స్టేషన్‌లో గ్రనాడా టెలివిజన్ వారు కచేరీ చిత్రీకరించారు. ఒక ప్లాట్‌ఫాం మీద కళాకారులు, పట్టాలకు అవతల రెండో ప్లాట్‌ఫాం మీద శ్రోతలు. ఆమె వంతు వచ్చేసరికి వర్షం! గుర్రపు బండిలో వచ్చి దిగిన ఆమె, అనుకున్న పాట మార్చి, నోవహు నాటి జలప్రళయం గురించిన పాట ఎత్తుకుంది. అప్పటికామె 49 ఏళ్ల స్త్రీ. పొడవాటి కోటు వేసుకుని, తెల్లటి గిబ్సన్ ఎలక్ట్రిక్ గిటార్ భుజాన తగిలించుకుని, చల్లటి ఆ తడి ప్లాట్‌ఫాం మీద వాయించింది. అవతల తడుస్తూ కూర్చున్నవారిలో చాలామంది ఎలక్ట్రిక్ గిటార్ అంటే కుర్రాళ్ల వాయిద్యమే అనుకునేవారై ఉండాలి!

ఆ కచేరీ చిత్రం, అదే కాలంలో టీవీ గాస్పెల్ టైమ్ అనే అమెరికా కార్యక్రమంలో చర్చి గాయకబృందం ముందు ఆమె వాయించిన చిత్రం ఇవాళ ఎవరైనా చూడవచ్చు. మేం ఆ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని చూపించాం. మొదట అతనికి పెద్దగా గొప్పగా అనిపించలేదు. తనకు ఇంతకంటే వేగంగా వాయించడం వచ్చునన్నాడు. నిజమే, వచ్చు. రెండోసారి చూపించాం. పాట మధ్యలో ఆమె పాడడం ఆపి గిటార్ మొదలుపెట్టినప్పుడు వేళ్లను కాక నోటిని చూడమన్నాం. ఆమె నోరు పాడుతున్నట్టే కదులుతోంది. మూడోసారి కళ్లు మూసుకుని వినమన్నాం. విన్నాక చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

రోసెట్టా చివరి రోజులు కష్టంగా గడిచాయి. 1960ల చివర్లో తల్లి కన్నుమూసింది. వేదికమీద మొదటి పాట నుంచి తోడున్న మనిషి వెళ్లిపోయింది. 1970లో రోసెట్టాకు పక్షవాతం వచ్చింది. మధుమేహం వల్ల ఒక కాలు తీసేయాల్సి వచ్చింది. అయినా పాట మానలేదు. వీలున్నప్పుడల్లా కచేరీలు చేస్తూనే ఉంది. 1973లో మళ్లీ రికార్డింగ్‌కు ఏర్పాట్లు జరిగాయి. అది జరగకముందే అక్టోబర్ 9న, 58 ఏళ్ల వయసులో, ఫిలడెల్ఫియాలో ఆమె ప్రభువు సన్నిధికి వెళ్లిపోయింది. స్టేడియంలో 20,000 మందిని కూర్చోబెట్టిన ఆమె సమాధికి పేరు చెక్కిన రాయి కూడా లేదు. నార్త్‌వుడ్ శ్మశానవాటికలో ఆ మట్టి దాదాపు 35 ఏళ్లు అలాగే అనామకంగా ఉండిపోయింది. 2007లో గేల్ వాల్డ్ ఆమె జీవితచరిత్ర ప్రచురించింది. 2008 జనవరిలో సమాధిరాయి కోసం అభిమానులు కచేరీ ఏర్పాటు చేశాక ఆ రాయి వెలిసింది. 2018లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆమె పేరును చేర్చుకుంది. లోకం ఆలస్యంగానైనా బాకీ తీర్చింది. చర్చి ఎంత తీర్చిందో మనమే ఆలోచించుకోవాలి.

గొల్యాతుతో పోరుకు వెళ్లేముందు సౌలు రాజు తన కవచాన్ని, శిరస్త్రాణాన్ని దావీదుకు తొడిగిన సంగతి మొదటి సమూయేలు గ్రంథం 17వ అధ్యాయంలో ఉంది. అవి మంచి ఆయుధాలే, రాజుగారివి. కానీ దావీదుకు అలవాటు లేనివి. అందుకే వాటిని విప్పేసి, గొర్రెల మందల దగ్గర ఏళ్ల తరబడి చేతికి అలవాటైన వడిసెల పట్టుకున్నాడు. మనం ఈ కథలో విశ్వాసాన్ని చూస్తాం, సరే. సాధనను కూడా చూడాలి. ఆ రాయి గురి తప్పకుండా తగలడం వెనక ఎవరూ చూడని అడవిలో విసిరిన ఎన్ని వేల రాళ్లున్నాయో! పెడల్ పెట్టెలో ఉన్న నాదాలన్నీ సౌలు కవచంలాంటివే. అవి చెడ్డవి కావు, ఇతరులు కష్టపడి సంపాదించుకున్నవి. అరువు తెచ్చుకున్నంత కాలం అవి బరువు.

అందుకే ఆ అబ్బాయితో కలిసి ఒక ఏర్పాటు చేసుకున్నాం. నెల రోజులపాటు పెడల్ పెట్టె బీరువాలో ఉంటుంది. గిటార్, తీగ, యాంప్లిఫయర్ ఇవే ఉండాలి. రోజూ మొదటి పావుగంట ఒకే స్వరం వాయించాలి. ఆ ఒక్క స్వరాన్నే గిటార్ బ్రిడ్జి దగ్గర మీటితే ఎలా పదునుగా ఉంటుందో, మెడ దగ్గర మీటితే ఎలా గుండ్రంగా మారుతుందో, గోరుతో, కండతో, ప్లెక్ట్రమ్‌తో ఎలా తేడా వస్తుందో వినాలి. తర్వాత సంఘంలో పాడే ఒక పాట తీసుకుని, ఒక పాదం నోటితో పాడి, అదే పాదం తీగమీద పలికించాలి. నోరు ఎక్కడ సాగదీసిందో వేలు అక్కడే సాగదీయాలి, నోరు ఆగినచోట చేయి ఆగాలి. వాయించింది ఫోన్‌లో రికార్డు చేసుకుని మర్నాడు వినాలి. ఇందులో మా సంగీత జ్ఞానం ఏమీ లేదు. రోసెట్టాను చూసి మాకు అర్థమైంది ఇంతే.

ఆరో వారంలో అతను వచ్చి, తన నాదం ఇంకా దొరకలేదన్నాడు. ఆదివారం ఆరాధనలో వాయించాడు. ఒకచోట తప్పాడు, ఇంకోచోట మోత ఎక్కువైంది. ముందు వరుసలో కూర్చున్న ఒక పెద్దాయన మావైపు తిరిగి చూశారు. ఆ చూపు మాకు పాతదే. మేం లేచి వెళ్లి, అబ్బాయి చెవిలో కొంచెం తగ్గించమని చెప్పి, పక్కనే నిలబడ్డాం. అతను మీట తిప్పి తగ్గించి, మళ్లీ ఎత్తుకున్నాడు. చివరి చరణంలో సంఘం ఊపిరి తీసుకునే చోట, ఆ చిన్న ఖాళీలో, గిటార్ మెల్లగా ఒక్క మాట పలికింది. మూడే మూడు స్వరాలు! అవి ఎవరినీ అనుకరించినవి కావు.

దేవుడు మనలో ఒక్కొక్కరిని ఒక్కో శ్రుతిలో చేశాడు. దాన్ని వెతకడానికి వెళ్లి తప్పిపోయేవారున్నారు, వెతకకుండానే అరువు గొంతుతో బతికేసేవారూ ఉన్నారు. మన సంఘాల్లో ఇప్పుడు చేతిలో వాయిద్యంతో, నోట్లో సాక్ష్యంతో, ఇంకా సరిగ్గా పలకని స్వరంతో గుమ్మం దగ్గర నిలబడిన పిల్లలెందరో! వారిని లోపలికి పిలిచి పక్కన నిలబడదామా, లేక సమాధిరాయి చెక్కించడానికి 35 ఏళ్లు ఆగుదామా?